నా మూడు టన్నుల జాకీ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. నా ఒక్కదాని సంగతే కాదు, ఫోనులో డేటా చవకైన ఆ కొత్తల్లో బెజవాడ మొత్తం మీద అజ్ఞాని అనేవాడు దొరకడమే కష్టమైపోయింది. మా పక్కింటావిడ మూడు వీడియోలు చూసి వీధందరి వెన్నునొప్పులకీ వైద్యం చెప్పేది. ఎదురింటాయన ఐదు వీడియోలు చూసి డాబా మీద కుంకుమపువ్వు పండించబోయాడు (గుణదల ఎండలో!). మా కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ షేర్ల గురించి చెబుతుంటే ప్రిన్సిపాల్ గారు నిలబడి చిన్న పుస్తకంలో రాసుకునేవారు. అలాంటి ఊళ్ళో, ఇరవై ఏడేళ్ళ వయసులో, ప్రైవేటు కాలేజీలో కామర్స్ లెక్చరర్ ఉద్యోగం, ఒక పాత కారు, ఒక కొత్త ఫోను ఉన్న పిల్లకి కళ్ళు ఎక్కడుంటాయో మీరే ఊహించుకోండి. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపే వాడికి ఎంత తెలుసో, ఎంత తెలియదో నేను లెక్కగట్టేసేదాన్ని. తెలియనిదే ఎప్పుడూ ఎక్కువగా తేలేది.

కారు గురించి ముందు చెప్పాలి. పదేళ్ళు నిండిన చిన్న కారు అది. అమ్మినాయన "డాక్టరు గారు వాడిన బండి అమ్మా, పువ్వులా చూసుకున్నారు" అని చెప్పి అమ్మాడు. ఆ డాక్టరు పశువుల డాక్టరనీ, దివిసీమ చేలగట్ల మీద పదేళ్ళు పరిగెత్తించాడనీ నాకు తరవాత తెలిసింది. అయినా కొన్న మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెలలో స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడల్లా వెనకనుంచి కటకటమని చప్పుడు మొదలైంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ మహానుభావుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక డిక్కీ మీద రెండు చేతులూ వేసి ఊపి, సంగీతం వింటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. "సస్పెన్షన్ మొత్తం పోయింది మేడమ్" అన్నాడు. "మొత్తమా?" అన్నాను. "మొత్తం" అన్నాడు. వంగి కింద చూడను కూడా చూడలేదు. ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను, ఇకమీదట నా కారు నేనే చూసుకుంటానని. మెకానిక్ జాతి మొత్తాన్నీ ఆ రోజుతో నా జీవితంలోంచి బహిష్కరించాను.

ఇంట్లో కారు పని చేసుకోవాలంటే ముందు దాన్ని పైకెత్తాలి. ఎత్తడానికి చక్రాల మీద దొర్లే ఆ ఇనుప జాకీ కావాలి, గ్యారేజీల్లో పొడుగాటి పిడి పట్టుకుని కొడుతుంటారే, అది. (ఎవరైనా దాన్ని ఉత్త "జాకీ" అంటే నేను సరిదిద్దేదాన్ని. "జాకీ కాదండీ, హైడ్రాలిక్ ట్రాలీ జాక్" అనేదాన్ని. ఇప్పుడు సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, అది జాకీయే.) పదకొండు రోజులు దాని మీద పరిశోధన చేశాను. ఎన్ని టన్నులు మోస్తుంది, అడుగున ఎంత ఎత్తుంటుంది, పైకి ఎంత లేస్తుంది, పిడి ఎన్నిసార్లు కొట్టాలి, అన్నీ నోట్‌బుక్కులో గళ్ళు గీసి రాసుకున్నాను. పేపర్లు దిద్దకుండా పక్కన పెట్టి మరీ రాసుకున్నాను. నా పరిశోధనలో లేనిది ఒక్కటే, నిజమైన జాకీని ఒక్కసారి చేత్తో ముట్టుకోవడం.

ఆ లోటు తీర్చుకుందామని ఒక శనివారం మధ్యాహ్నం వన్ టౌన్ వెళ్ళాను. ఇనుప సామాను కొట్ల సందులో, తోపుడు బళ్ళ మధ్య ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తూ ఒక పాత కొట్టు పట్టుకున్నాను. లోపల దళసరి కళ్ళద్దాల పెద్దాయన గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నాడు. ట్రాలీ జాక్ కావాలని, మూడు టన్నులదని, అడుగు ఎత్తు ఇంతకి మించకూడదని చదివి వినిపించాను. ఆయన అంతా విని, నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "సార్ రాలేదామ్మా?" అన్నాడు.

"ఏ సార్?"

"అదేనమ్మా, బండి చూసుకునే సార్. తీసుకురండమ్మా ఓసారి, ఆయనతో మాట్లాడి మంచిది ఇస్తాను. జాకీ ఎత్తుతుందంతే, మొయ్యదు. స్టాండ్లు కూడా కావాలి. ఇవన్నీ సార్‌తో అయితే..."

అంతే. ఆ తరవాత ఆయన ఏం చెప్పినా నా చెవికెక్కలేదు. బంగారం లాంటి మాట ఆయన చెప్పాడు, నాకు వినిపించింది మాత్రం "సార్" ఒక్కటే. "నా బండికి నేనే సార్" అని ఒక డైలాగు కొట్టి బయటికి వచ్చేశాను (సందులో ఎదురుగా బియ్యం బస్తాల బండి అడ్డంగా ఉండటం వల్ల, ఆ డైలాగు కొట్టిన చోటే మరో ఐదు నిమిషాలు నిలబడాల్సి వచ్చింది). ఇంటికి వచ్చి అదే కోపంలో ఫోను తీసి, కొట్లలో ఉండే ధరలో సగానికే, మూడు టన్నులని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఎర్రటి జాకీ ఒకటి ఆర్డరు పెట్టేశాను. ఆయన మీద కక్ష తీర్చుకున్నాననుకున్నాను. నా నోట్‌బుక్కులో పదకొండు రోజుల గళ్ళు ఏమయ్యాయంటే, ఏమీ కాలేదు. మనిషికి కోపం వచ్చాక గళ్ళు ఎవరు చూస్తారు?

నేను ఆ రోజుల్లో మా పిన్ని దగ్గర ఉండేదాన్ని. పిన్ని హైస్కూల్లో హిందీ పండితురాలిగా చేసి రిటైరైంది. నలభై ఏళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతు కాబట్టి ఉప్పు అందుకోమని చెప్పినా శిక్ష వేసినట్టే ఉండేది. జాకీ పెట్టె వచ్చిన రోజు దాన్ని గుమ్మంలోంచి ఒక్క చేత్తో ఎత్తి లోపల పెట్టింది.

"ఏమే, ఇది మూడు టన్నులు మోస్తుందా? మన రుబ్బురోలు దీనికన్నా బరువుంది కదే."

"పిన్నీ, టెక్నాలజీ అంటే బరువు కాదు."

"మరి ఈ అట్టపెట్టె అడుగున నూనేంటి?"

అవును, పెట్టె అడుగున అరచేయంత నూనె మరక ఉంది. నేను ఫోను తీసి చూశాను. కొన్నవాళ్ళలో ఎవరో "కొత్తలో కొంచెం ఆయిల్ రావడం మామూలే" అని రాశారు. ఆ మాటని వేదవాక్కులా పిన్నికి చదివి వినిపించి, పాత గుడ్డతో తుడిచేశాను. మర్నాడు పొద్దున్న జాకీ కింద గచ్చు మీద మళ్ళీ మరక. దాన్నీ తుడిచాను. పిన్ని చూడకముందే తుడిచాను. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నాకు తెలియక జరిగిందని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఇక సూత్రం మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నలభై దాటిన, సన్నటి, నెమ్మదైన మనిషి. ఇన్‌షర్టు ఎప్పుడూ చెదిరేది కాదు. స్టాఫ్ రూములో ఎవరి ఫ్యాను కిర్రుమన్నా, ఎవరి టిఫిన్ డబ్బా మూత రాకపోయినా ఆయన లేచి వచ్చి, కారణం చెప్పి, బాగుచేసి, చివర్న "సూత్రం అదేనండీ" అనేవారు. కార్ల గురించయితే ఆయనకి తెలియనిది లేదు. ఏ బండికి ఏ గేరు ఎందుకు పెట్టారో కూడా చెప్పేవారు. నాకు పోటీ వచ్చేవాడంటే నాకెలా ఉంటుంది? ఆయన క్లాసుకి వెళ్ళగానే నేను బొడ్లోకి షర్టు దోపుకుంటున్నట్టు నటించి, ఆయన గొంతు పెట్టి, "మేడమ్, మీ డబ్బా మూతకీ భూమ్యాకర్షణకీ ఒక సంబంధం ఉందండీ. సూత్రం అదేనండీ" అనేదాన్ని. ఇంగ్లీషు మేడమ్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. మళ్ళీ చెయ్యమనేది. నేను మళ్ళీ చేసేదాన్ని. రోజూ చేసేదాన్ని.

జాకీ కొన్న సంగతి, కటకట, మెకానిక్ కథతో సహా స్టాఫ్ రూములో నేనే ప్రకటించాను, మూడు టన్నులని ఒకటికి రెండుసార్లు నొక్కి మరీ. మాస్టారు చదువుతున్న పేపరు కిందకి దించి, "సంతోషమండీ. స్టాండ్లు కూడా కొన్నారా?" అన్నారు.

స్టాండ్లంటే ఎత్తిన బండి కింద పెట్టే ఇనుప ముక్కాలిపీటల్లాంటివి. ఎత్తడం జాకీ పని, ఆ తరవాత బరువు మొయ్యడం వాటి పని. నేను కొనలేదు. "ఆ మాత్రం తెలియదా అండీ? కొన్నాను" అన్నాను.

"అయితే ఆదివారం నేనొచ్చి ఆ కటకట ఏమిటో చూసిపెడతానండీ. మెకానిక్ మాట నమ్మకండి. చప్పుడుకి కారణం వెతకాలి గాని, మార్చుకుంటూ పోకూడదు."

వద్దనడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. ఇంగ్లీషు మేడమ్ టేబుల్ కింద నా కాలు తొక్కి నవ్వాపుకుంటోంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆయన స్కూటరు మీద, తన పానాల సంచీతో వచ్చారు. ఆ ఆదివారం కూడా ఇన్‌షర్టే. పిన్ని వరండాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కారు ఇంటి ముందు గచ్చు మీద ఉంది. మాస్టారు ముందు చక్రాలకి రెండు ఇటుకలు అడ్డం పెట్టారు, హ్యాండ్‌బ్రేకు వేయించారు, వెనక చక్రం బోల్టులు కొంచెం వదులు చేశారు. నేను జాకీని గర్వంగా దొర్లించుకుంటూ వచ్చి, కింద దూర్చి, పిడి కొట్టాను. ఎంత చక్కగా లేచిందో! చక్రం ఊడదీశాం. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని అటూ ఇటూ చూశారు.

"స్టాండ్లు ఏవండీ?"

"పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారండీ. సాయంత్రం ఇస్తారు." ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ మాట! పక్కింట్లో స్కూటరు కూడా లేదు.

"అయితే ఆ చక్రాన్ని ఇటు దొర్లించండి మేడమ్. బండి కింద పడుకోబెడదాం. ఏదైనా అయితే దాని మీద ఆగుతుంది."

ఇక్కడ నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, ముక్కుతో నవ్వే నవ్వు. "ఎందుకండీ అంత భయం? త్రీ టన్ జాక్ అండీ ఇది. మన బండి ఒక టన్ను కూడా ఉండదు. లెక్క మీకు నేను చెప్పాలా?" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "సూత్రం అదే కదండీ" అని కూడా అన్నాను.

ఆయన మొహం ఒక్క క్షణం అదోలా అయ్యింది. చక్రం వైపు చూశారు, జాకీ వైపు చూశారు, నా వైపు చూశారు. "అవున్లెండి. రెండు నిమిషాల పనే కదా" అని, జేబులోంచి పెన్ను తీసి వరండా గట్టు మీద పెట్టి, వెల్లకిలా పడుకుని కారు కిందకి జరిగారు. నడుం దాకా లోపలికి వెళ్ళారు. ఫోను లైటు వేసుకుని, లోపలినుంచే "ఈ రబ్బరు బానే ఉందండీ... ఇదీ బానే ఉంది..." అని చెబుతున్నారు. నేను పక్కన నిలబడి, పోయిందేమీ లేదంటే ఆ మెకానిక్ మొహాన ఏమనాలో మాటలు కూర్చుకుంటున్నాను.

"ఏమే," అంది పిన్ని వరండాలోంచి. "కారు కూర్చుంటోందేమే?"

"కారెక్కడైనా కూర్చుంటుందా పిన్నీ? నువ్వు ముందు కళ్ళద్దాలు మార్చుకో" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

"మొద్దూ! కళ్ళద్దాలు పెట్టుకునే చెబుతున్నా. ఇందాక ఆయన బొత్తాలు కనబడ్డాయి, ఇప్పుడు కనబడట్లేదు!"

తిరిగి చూశాను. జాకీ మెడ చుట్టూ నూనె ఉబికి వస్తోంది. దాని మెడ మెల్లగా, ఎవరో బుజ్జగించి కూర్చోబెడుతున్నట్టు, కిందకి వంగుతోంది. పదకొండు రోజులు చదివినదాన్ని, ఏ స్క్రూ ఎటు తిప్పాలో కంఠతా వచ్చినదాన్ని, బొమ్మలా నిలబడిపోయాను. పిన్ని ఒళ్ళోని చిక్కుడుకాయలన్నీ గచ్చు మీద పారబోసి పరుగెత్తుకొచ్చింది. "లాగవే!" అని అరిచిన అరుపుకి నాకు కదలిక వచ్చింది. నేను ఒక కాలు పట్టుకున్నాను, పిన్ని ఒక కాలు పట్టుకుంది. నేను పట్టుకున్న కాలికి బూటు ఊడి నా చేతిలోకి వచ్చేసి, నేను వెనక్కి పడ్డాను. పిన్ని వదల్లేదు. మళ్ళీ లేచి మడమ పట్టుకుని లాగాను. లోపల ఆయన "ఏమిటండీ, ఏమిటండీ" అంటున్నారు. ఆయన తల బయటికి రావడం, ఆ ఎర్ర జాకీ ఒక్కసారిగా చప్పున కూలబడటం, చక్రం లేని ఇరుసు గచ్చు మీద దబ్బున పడటం, ఇవి ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఎంత తేడాలో జరిగాయో నేను లెక్క కట్టదలుచుకోలేదు. ఆయన ఫోను కిందే ఉండిపోయింది. దాని లైటు కారుకీ నేలకీ మధ్య సందులోంచి గచ్చు మీద సన్నటి గీతలా పడుతోంది. ఆ సందులో ఇందాకటిదాకా ఒక మనిషి ఛాతీ ఉంది.

ఇన్‌షర్టు పూర్తిగా బయటికి వచ్చేసి, చంకలో చిరిగి, జుట్టు నిండా మట్టితో మాస్టారు కూర్చుని ఉన్నారు. నేను ఆయన బూటు గుండెలకి హత్తుకుని నిలబడి ఉన్నాను. పిన్ని లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన సగం నీళ్ళు షర్టు మీదే పోసుకున్నారు.

"స్టాండ్లు లేవు కదండీ?" అన్నారు, తాగాక.

"లేవండీ."

"నాకు తెలుసండీ."

"తెలిస్తే... మరి ఎందుకు వెళ్ళారండీ కిందకి?"

ఆయన చెంబు పక్కన పెట్టారు. మొహం తుడుచుకున్నారు. "మళ్ళీ రేపు స్టాఫ్ రూములో నా గొంతు పెట్టి నవ్విస్తారు కదండీ. చాలాసార్లు తలుపు దాకా వచ్చి విన్నాను. మీరు బాగా చేస్తారు" అన్నారు. కోపంగా అన్లేదు. వేళాకోళంగానూ అన్లేదు. నా నటన బాగుందని నిజంగానే చెప్పినట్టు అన్నారు. దానికి నేను ఏడ్చాను. గచ్చు మీద, చిక్కుడుకాయల మధ్య కూలబడి, బూటు వదలకుండా ఏడ్చాను. "క్షమించండి మాస్టారూ, అబద్ధం చెప్పాను. జాకీ నూనె కారుతోందని కూడా నాకు తెలుసు" అని మొత్తం కక్కేశాను. నలభై ఏళ్ళు పిల్లల్ని తిట్టిన పిన్ని ఆ రోజు ఒక్క మాట అనలేదు, అందుకే నాకు అంత భయమేసింది.

మాస్టారే ముందు తేరుకున్నారు. "సరేనండీ, బండిని ఇలా వదిలెయ్యకూడదు. డిక్కీలో కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న జాకీ ఉండాలి. మర తిప్పి ఎత్తేది. అది నూనె మీద ఆధారపడదు కాబట్టి దిగదు" అని, అలవాటుగా "సూత్రం..." అనబోయి ఆగిపోయారు. "అదేనండీ" అన్నాను నేను, ముక్కు చీదుకుంటూ, ఈసారి నా గొంతుతోనే. డిక్కీ తెరిచి, కార్పెట్టు ఎత్తి, స్టెప్నీ గుంటలో చూశాం. చిన్న జాకీ ఉంది. ఉండాల్సిన క్లిప్పులో లేదు. క్లిప్పు విరిగిపోయి, అది గుంటలో అడ్డదిడ్డంగా పడి ఉంది. మాస్టారు దాన్ని వేలితో తోశారు. కట, కట. ఇంకోసారి తోశారు. కట, కట. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నా కారు సస్పెన్షన్‌కి ఏమీ కాలేదు. ఏ జాకీ కోసమైతే పదకొండు రోజులు గళ్ళు గీశానో, ఏ జాకీ కోసమైతే మనిషిని చంపబోయానో, ఆ జాకీ అవసరమే నాకు లేదు. చప్పుడు చేస్తున్నది నా డిక్కీలో మొదట్నుంచీ ఉన్న జాకీయే. పశువుల డాక్టరు వాడిన కారు కొన్నానని నవ్వుకునేదాన్ని. ఆ పశువులకి కూడా నాకన్నా కొంచెం వివేకం ఉండే ఉంటుంది.

ఆయన ఆ చిన్న జాకీని పక్కగా దూర్చి, ఓపిగ్గా మర తిప్పి బండిని లేపి, ఈసారి నేను అడక్కుండానే దొర్లించుకొచ్చిన చక్రాన్ని ముందు కింద పడుకోబెట్టి, తన ఫోను తీసుకుని, ఎర్ర జాకీని బయటికి లాగి, చక్రం బిగించారు. పిన్ని ఆయన చేత రెండు ఇడ్లీలు ఎక్కువే తినిపించింది.

ఇక్కడితో జాకీలకి దణ్ణం పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ మాస్టారు ఊరుకోనివ్వలేదు. "పని నేర్చుకోవాలనుకోవడం తప్పు కాదండీ. రేపు కాలేజీ అయ్యాక వెళ్ళి మంచిది తీసుకుందాం" అన్నారు. మర్నాడు సాయంత్రం ఇద్దరం నా కారులో వన్ టౌన్ వెళ్ళాం, అదే కొట్టుకి. కళ్ళద్దాల పెద్దాయన నన్ను గుర్తుపట్టి, నా వెనక మాస్టారిని చూసి, మొహం ఇంత చేసుకుని, "రండి సార్, రండి! అమ్మగారు మొన్న వచ్చారు, సార్‌ని తీసుకురండమ్మా అన్నాను" అన్నాడు. నా ఒంట్లో మళ్ళీ పాత సెగ లేచింది. ఈలోపు మాస్టారు ఒక అడుగు వెనక్కి వేసి, "కొనేది ఆవిడండీ, వాడేదీ ఆవిడే. ఆవిడకే చెప్పండి. నేను ఊరికే తోడొచ్చాను" అని స్టూలు మీద కూర్చున్నారు. పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, మొదటిసారి నన్ను చూశాడు.

చెప్పడం మొదలుపెట్టాక మాత్రం దాచుకోకుండా చెప్పాడు. టన్నుల అంకె చూసి మురిసిపోవద్దన్నాడు. నీ బండి అడుగుకి, నేలకి మధ్య ఎంత ఉందో టేపుతో కొలిచి, అందులోకి దూరేది తీసుకోమన్నాడు. లోపల నూనెని ఆపే రబ్బరు సీలు పోతే విడిగా దొరికే రకమైతేనే కొనమన్నాడు. చేతికి తేలిగ్గా ఉన్నదాన్ని అనుమానించమన్నాడు (పిన్ని కొట్టు పెట్టుకుని ఉంటే బాగుపడేది). "ఎన్ని చెప్పినా చూపించంది నమ్మకూడదమ్మా" అని ఒక జాకీని వీధిలోకి దొర్లించి, సామాను దించుకుంటున్న ట్రాలీ ఆటో వెనక మూల దానితో ఎత్తాడు. జాకీ మెడ ఎక్కడిదాకా లేచిందో సుద్దముక్కతో గీత పెట్టాడు. "టీ తాగుదాం" అన్నాడు. ముగ్గురం నిలబడి టీ తాగాం. తాగినంతసేపూ నేను ఆ గీత మీదనుంచి చూపు తిప్పలేదు. వెంట్రుకంత కూడా దిగలేదు. అప్పుడు కూడా, "అయినా ఇది ఎత్తేదేనమ్మా, మోసేది కాదు. స్టాండ్లు పెట్టకుండా కింద చెయ్యి కూడా పెట్టకు" అన్నాడు. మొన్నా ఇదే మాట అన్నాడు. ఈసారి నాకు మొత్తం వినబడింది. "రెండు స్టాండ్లు ఇవ్వండి" అన్నాను. ఆ కొత్త జాకీని మోసుకొచ్చి డిక్కీలో పెట్టేసరికి నా నడుం పట్టేసింది, దాంతో జాకీ మంచిదని రుజువైపోయింది.

తిరిగి వస్తూ మాస్టారిని, "మీది ఏ కారండీ? ఎప్పుడూ కాలేజీకి తీసుకురారేం?" అని అడిగాను. స్కూటరు మీద వచ్చేది పెట్రోలు పొదుపుకని, కారుని ఇంట్లో గుడ్డ కప్పి దాచుకుంటారని స్టాఫ్ రూములో మేం తీర్పు ఇచ్చేసి చాలా కాలమైంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు కారు లేదండీ" అన్నారు. లైసెన్సు మాత్రం పెళ్ళికి ముందే తీసుకున్నారట. ప్రతి సంవత్సరం కొందామనుకోవడం, ఏదో ఒకటి అడ్డు రావడం. కొనేలోపు అన్నీ తెలుసుకుని ఉంటే మంచిదని చదువుకుంటూ ఉండిపోయారట. ఇరవై ఏళ్ళుగా.

ఏలూరు కాలువ పక్కకి తిరిగాక నేను కారు ఆపి దిగాను. "కాస్త నడుపుతారా మాస్టారూ? నాకు నడుం నొప్పిగా ఉంది" అన్నాను. ఆయన వద్దండీ వద్దండీ అంటూనే దిగి, చుట్టూ తిరిగి వచ్చి, సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు మూడూ సరిచేసుకుని, షర్టు మళ్ళీ లోపలికి దోపుకుని కూర్చున్నారు. రెండుసార్లు బండి ఆగిపోయింది. వెనక ఆటోవాడు హారనుతో చెవులు చిల్లులు పొడిచాడు. మూడోసారి కదిలింది. హ్యాండ్‌బ్రేకు తియ్యడం ఆయన మర్చిపోయారు.

ఇరవై ఏడేళ్ళ ఆ పిల్ల గురించి ఇప్పుడు తలుచుకుంటే నాకు పెద్ద గౌరవమేమీ కలగదు. ఎదురుపడితే నాలుగు దులిపి పంపేదాన్ని. దాని నోరు, దాని ముక్కునవ్వు, దాని నోట్‌బుక్కు, అన్నీ నాకు ఒంటికి పడవు. కానీ కాలువ పక్కన ఆ పది నిమిషాలు గుర్తొచ్చినప్పుడు మాత్రం దాన్ని పిలిచి ఒక కాఫీ ఇవ్వాలనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేకు గురించి ఎన్ని వీడియోలు చూసిందో, ఎన్ని మాటలు నాలిక చివరిదాకా వచ్చాయో నాకు తెలుసు. పాపం, అన్నీ మింగింది. మాస్టారు రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పని ఒక క్షణం చూసి, చెయ్యి చాపి, బొత్తాం నొక్కి పట్టుకుని చప్పుడు కాకుండా బ్రేకు కిందకి దించేసింది. కారు తేలిగ్గా ముందుకి సాగింది.

"ఇప్పుడు చూశారా మేడమ్, ఎంత బాగా లాగుతోందో!" అన్నారాయన, చెమట తుడుచుకోకుండానే నవ్వుతూ.

"అవునండీ" అన్నాను.